పూరీకి ఒక రాత్రి ఇవ్వండి

సంపాదకులు గారికి, నమస్కారం.

పోయిన ఆదివారం మీ యాత్రల పేజీలో పూరీ మీద వ్యాసం చదివాను. గుడి, మహాప్రసాదం, కోణార్క్, ఏ బస్సు ఎక్కడ దొరుకుతుంది, అన్నీ వివరంగా రాశారు. చివర్లో మాత్రం ‘సమయం మిగిలితే బీచ్ చూడవచ్చు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆ ‘సమయం మిగిలితే’ అన్న మాట మీదే నాకు పేచీ.

నాది నల్లగొండ. రైల్వేలో బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. కంప్యూటర్లు రాకముందు అట్ట టికెట్లు ఉండేవి. తేదీ మిషన్‌లో పెట్టి టక్కున కొట్టి కిటికీలోంచి అందించేవాళ్లం. ఫలక్‌నుమా వచ్చే వేళకు ఖుర్దా రోడ్ టికెట్లు ఎన్ని ఇచ్చానో లెక్క లేదు. ఆ బండిలో పూరీకి పోయేవాళ్లు అక్కడే దిగాలి, అక్కణ్ణించి ఇంకో 44 కిలోమీటర్లు. ఇన్నేళ్లూ జనాన్ని పంపడమే గానీ నేను ఆ రైలెక్కింది లేదు. సముద్రమూ చూడలేదు. నవ్వకండి, మా ఊళ్లో సముద్రమంటే పానగల్లు చెరువే. దాని పేరే ఉదయ సముద్రం మరి.

2012లో మా అమ్మ కాశీ పోతానంది. వాడకట్టులో ఆడవాళ్లంతా కలిసి ఒక యాత్రా బస్సు మాట్లాడుకున్నారు. పన్నెండు రోజులు, పూరీ, గయ, కాశీ, ప్రయాగ. పాసు ఉంది, రైల్లో పోదామమ్మా అంటే వినలేదు, ‘గాళ్లతోటే పోత’ అంది. తోడుగా నేనూ ఎక్కాను. బస్సు పైన గ్యాస్ పొయ్యి, బియ్యం బస్తాలు, లోపల నలభై మంది. పూరీకి పొద్దున పదింటికి చేరాం. దర్శనం, భోజనం, కాజాలు కొనుక్కోవడం, నాలుగింటికి హారన్. అమ్మ పొద్దుటి నుంచి ఒకటే అడుగుతోంది, సముద్రం ఏదిరా అని. పోయేటప్పుడు చూపిస్తారులే అని చెబుతూ వచ్చాను. బస్సు బీచ్ రోడ్డు మీదుగానే పోయింది. ‘దిగితే లేటయితది, కిటికీలకెళ్లి చూడుండ్రి’ అన్నాడు బస్సాయన. అమ్మ కూర్చున్నది ఇటువైపు, సముద్రం ఉన్నది అటువైపు. పక్కావిడ తల మీదుగా మెడ చాచి చూసింది. గట్టిగా రెండు నిమిషాలు.

ఇంటికొచ్చాక సముద్రం ఎట్లుందని అడిగినవాళ్లందరికీ ‘ఏమున్నది, మన పానగల్లు చెరువు లెక్కనే ఉన్నది’ అని చెప్పేది. పోయేదాకా అదే మాట.

మొన్న జనవరిలో నేనూ మా ఆవిడా పోయాం. ఈసారి రైల్లో, పాసు మీద. సాయంత్రం నల్లగొండలో ఎక్కితే మర్నాడు పొద్దున ఖుర్దా రోడ్. పూరీలో మూడు రాత్రులు ఉన్నాం. గుడి సంగతి మీరే రాశారు కాబట్టి వదిలేస్తున్నాను. మీరు రాయనిది చక్రతీర్థ రోడ్డులోని బీఎన్ఆర్ హోటల్.

రైల్వేవాడికి ఆ మూడక్షరాలు చాలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. బండ్లు టైముకు రావని ‘బీ నెవర్ రెగ్యులర్’ అంటూ పాతవాళ్లు ఎగతాళి చేసేవారు. ఆ రైల్వే పేరు ఎప్పుడో పోయింది. 1955లో సౌత్ ఈస్టర్న్ వచ్చింది, 2003లో పూరీ వైపు లైన్లన్నీ ఈస్ట్ కోస్ట్ కిందికి వెళ్లాయి. జనం నోట్లో హోటల్ మాత్రం బీఎన్ఆరే. ఆటోవాడికి అంత చెబితే చాలు, ఇంకో ప్రశ్న వేయడు.

పూరీకి రైలు 1897లో వచ్చింది. అంతకుముందు కలకత్తా వైపు నుంచి జగన్నాథుడి దగ్గరికి కాలినడకన, ఎడ్లబండ్ల మీద వచ్చేవారు. రైలు పడ్డాక భక్తులతో పాటు గాలి మార్పు కోసం వచ్చే దొరలు, కలకత్తా బాబులు తయారయ్యారు. వీళ్లకు గుడి ఒక్కటే సరిపోదు, సముద్రం ముందు నాలుగు రోజులు ఉండాలి. అట్లాంటి వాళ్ల కోసం రైల్వేవాళ్లే 1925లో ఈ హోటల్ తెరిచారు. వందేళ్లు నిండాయన్నమాట.

అక్కడ గది తీసుకునే తాహతు నా పెన్షన్‌కు లేదు. వెనక సందులో చిన్న లాడ్జిలో దిగాం. ఒక మధ్యాహ్నం భోజనానికి మాత్రం పోయాం. ఎవరూ అడక్కపోయినా నేను రిటైర్డ్ రైల్వే అని గేటు దగ్గరి నుంచి చెప్పుకుంటూనే పోయాను. ఎత్తైన కప్పు, లావు గోడలు, పొడుగాటి వరండా. తిన్నాక ఆ వరండాలో కూర్చున్నాం. ఎదురుగా రోడ్డు, రోడ్డు దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. నా ఉద్యోగమంతా వెయిటింగ్ హాళ్ల పక్కనే గడిచింది. బెంచీ మీద కూర్చున్న ప్రతి మనిషీ నిమిషానికోసారి గడియారం కేసి చూస్తాడు, మైకు గరగరమంటే మూటాముల్లె అందుకుంటాడు. రైల్వేవాళ్లు ఇంత వరండాను ఏ బండీ రాని చోట, ఉత్త పుణ్యానికి కూర్చోవడానికి తయారు చేశారంటే నాకు చాలాసేపు నమ్మబుద్ధి కాలేదు.

మా ఆవిడ అరగంటకే ‘ఇగ లేద్దామా’ అంది. మర్నాడు టీ తాగుదామని మళ్లీ పోతే గంటన్నర కూర్చుంది. లేద్దామని ఆమె అడగలేదు, నేనూ అనలేదు.

నీళ్లలోకి దిగిన సంగతి కూడా చెప్పాలి. మా ఆవిడ పుట్టిల్లు మర్రిగూడ వైపు. అక్కడి బోరు నీళ్ల కథ మీ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ మోకాళ్లలో దిగింది. కింద కూర్చోలేదు, మెట్లంటే భయం. ఒడ్డున నిలబడి చూస్తే చాలంది. పూరీ అలలు చూస్తే గట్టివాళ్లకే గుండె జారుతుంది. అక్కడ మొనదేలిన టోపీలు పెట్టుకుని నోలియాలు తిరుగుతుంటారు, మనిషిని చెయ్యి పట్టుకుని స్నానం చేయించి ఒడ్డుకు చేర్చడం వాళ్ల పని. ఒకాయనతో నాకొచ్చిన హిందీలో బేరం మొదలుపెట్టాను. కాసేపు విని ‘తెలుగోలా బాబూ?’ అన్నాడు.

ఆయనది పెంటకోట బస్తీ. నోలియాల్లో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. తాతముత్తాతలు గంజాం, శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వచ్చి అక్కడే ఉండిపోయారు. మా తెలుగుకీ ఆయన తెలుగుకీ మాత్రం ఆమడ దూరం. ‘అమ్మా, నా సెయ్యి ఒగ్గకండి’ అన్నాడు. మా ఆవిడ నావైపు తిరిగి ‘ఈడ గూడ ఒగ్గు కథ చెప్తరా?’ అంది. ఒగ్గడమంటే వదిలేయడమని ఆయన విప్పి చెప్పేలోపు అల రానే వచ్చింది.

అల వచ్చేటప్పుడు అంత భయం లేదండీ, పోయేటప్పుడే. మడమల కింద ఇసుక బుడుంగున జారి గుంట పడుతుంది, మనిషి వెనక్కి తూలుతాడు. ‘సముద్రానికి ఈపు పెట్టకండి, ఎదర సూడండి’ అని ఆయన ఒకటే చెబుతున్నాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చి పోతున్నాయి. పది అలలదాకా నేను లెక్కపెట్టాను, తర్వాత మరిచిపోయాను. మా ఆవిడ తడి వేలు నాలుక మీద పెట్టుకుని ‘అబ్బ, మా ఊరి బోరే నయముండె’ అని నవ్వింది. ఆ బోరు మీద ఆమె నవ్వగా చూడటం అదే మొదలు. చీర నడుందాకా తడిసి, ఇసుకతో బరువెక్కి, లాడ్జికి నడవడానికి అరగంట పట్టింది.

తక్కిన చోట్లూ చూశాం. గోల్డెన్ బీచ్ శుభ్రంగా ఉంది. 2020లో విశాఖ రుషికొండతో పాటు, శుభ్రమైన బీచులకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన ఎనిమిది బీచుల్లో అదొకటి. కొంచెం అటు పోతే స్వర్గద్వారం అనే శ్మశానం, అక్కడ చితులు కాలుతుంటాయి, ఇవతల పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు. ఎవరి పని వాళ్లది. 2019 మే 3న ఫణి తుపాను పూరీ దగ్గరే తీరం దాటింది. ఆ రోజు సంగతి ఎత్తితే చాలు, ఏ ఆటో డ్రైవరైనా బండి పక్కకు ఆపి మరీ చెబుతాడు.

ఇక అసలు విషయం. మా నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వైపు నుంచి యాత్రా బస్సులు పోతూనే ఉన్నాయి. తిరిగొచ్చాక బస్టాండ్ దగ్గర మూడు కరపత్రాలు తెచ్చుకుని చదివాను. పది రోజులు, పన్నెండు రోజులు, పద్నాలుగు రోజులు. మూడింట్లోనూ పూరీకి ఒక్క పూటే. ఆ బస్సుల్లో పోయేది ఎవరు? పొలం పని, ఇంటి పని తప్ప ఎరగని డెబ్బై ఏళ్ల ఆడవాళ్లు. మళ్లీ పూరీ పోయేది లేదు, సముద్రం చూసేదీ లేదు. వాళ్లకు ఒక రాత్రి అక్కడ మకాం ఇస్తే పొద్దున్నే ఒడ్డుకు పోతారు, జనవరిలో అయితే నీళ్ల మీదే పొద్దు పొడుస్తుంది. రూము ఖర్చు పెరుగుతుందంటే తలా కొంత వేసుకుంటారు, అడిగి చూడండి. అంత కుదరకపోతే దర్శనం అయ్యాక రెండు గంటలు బీచ్ దగ్గర బస్సు ఆపండి. ఆపి, దింపండి.

మీకూ ఒక మనవి. ఇంకోసారి పూరీ మీద రాస్తే ఆ చివరి ముక్కను పైకి తెండి. నోలియా లేకుండా పెద్దవాళ్లు నీళ్లలో దిగొద్దని రాయండి. వాళ్లతో తెలుగులోనే బేరమాడొచ్చని, ‘ఒగ్గకండి’ అంటే ‘వదలకండి’ అని కూడా పక్కనే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బుకింగ్ క్లర్కు,
నల్లగొండ