ఆ మొక్కు నాది, నువ్వు నడవకు
చిరంజీవి శ్రీనుకు అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. ఈ ఏడు గాలిదుమారానికి చెట్టు మీద కాయ సగం రాలిపోయింది. ఆవకాయకు నాన్నగారు నూజివీడు నుంచి కాయ తెప్పించారు. నీ జాడీ విడిగా కట్టి పెట్టాను, ఉప్పు తగ్గించి. గౌరి గేదె ఈనింది, పెయ్యదూడ.

మొన్న రత్తమ్మ వచ్చింది. వాళ్ళ మురళి నిన్ను ఎవరిదో గృహప్రవేశంలో చూశాడట. కుంటుతున్నావట, ఎడమ కాలి చిటికెన వేలి పక్కన ప్లాస్టర్ ఉందట. కొత్త బూటు కరిచి ఉంటుంది, అంతకన్నా ఏముంటుందిలే అనుకున్నాను. కానీ ఉగాది తర్వాత నువ్వు ఫోన్ చేయడమే తగ్గించావు. చేసినా షుగర్ ఎంతుందని అడిగితే దూడ సంగతి అడుగుతావు.

పెరటి వైపు రేకులు మార్పించాం. ఈసారి వానకు వంటింట్లోకి నీళ్ళు రావు.

కోడలిని అడిగితే "నొప్పి లేదంటున్నారత్తయ్యా" అంది. నా భయమంతా ఆ మాటతోనే. పెద్దమావయ్యకూ నీలాగే షుగర్, ఆయనకూ నొప్పి లేదు. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు, నీకు పూర్తిగా తెలియదు. శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళి, ప్రభలు చూసి, తెల్లారి ఇంటికొచ్చాడు. చెప్పులు అరుగు కింద విడిచి లోపలికి నడిచాడు. వెనకే మంచినీళ్ళ చెంబుతో వస్తున్న అత్తయ్య గచ్చు మీద చూసి కేక పెట్టింది. గుమ్మం నుంచి మంచం దాకా ఎర్రటి బొటనవేలి ముద్రలు. చెప్పు తిరగేసి చూస్తే అడుగున మేకు పైకి పొడుచుకొచ్చి ఉంది. రాత్రంతా దాని మీదే నడిచాడు. "చీమ కుట్టినట్టయినా లేదే" అన్నాడు. పసుపూ సున్నమూ కలిపి పట్టు వేశారు. నొప్పి లేదు కదా అని మర్నాడే చేలోకి దిగాడు. కొన్నాళ్ళకు గదిలో వాసన మొదలైంది. అప్పటికి వేలు నల్లబడింది. గుంటూరు తీసుకెళ్తే, చీము ఎముక దాకా పోయిందని వేలు తీసేశారు. అది మానకముందే పక్క వేలూ తీశారు.

ఆ డాక్టరు నైలాన్ దారంలాంటి సన్నటి తీగ తీసి, కళ్ళు మూసుకోమని, దాంతో అరికాలు అక్కడక్కడా తాకాడు. తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. మావయ్య ఎంతసేపటికీ పలకడు. చివరికి "మొదలుపెట్టండి డాక్టరుగారూ" అన్నాడు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారతాయనీ, చెమట పట్టక మడమలు పగులుతాయనీ, రక్తం సరిగ్గా అందక పుండు మానదనీ ఆయన చెప్పాడు. షుగర్ వాళ్ళకు కాళ్ళు తీసేసేది చాలావరకు ఇలాంటి చిన్న పుండుతో మొదలయ్యేదేనట.

ఇంకో సంగతి కూడా కోడలే చెప్పింది. అలిపిరి నుంచి 3550 మెట్లూ నడిచి ఎక్కుతానన్నావట, అదీ ఈ మే నెలలో, ఒట్టి కాళ్ళతో. నాయనా, నీ ఉద్యోగం కోసం ఆ మొక్కు మొక్కింది నేను. స్వామికి నేను చెప్పుకుంటాను. నువ్వు బస్సులో వెళ్ళు. ఎండకు రాళ్ళు కాలిపోతుంటాయి, బొబ్బలెక్కినా నీకు తెలియదు. చెప్పులు విడిచే చోట మందపాటి నూలు మేజోళ్ళు వేసుకో.

ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా తిరగకు. ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు చెప్పులు కొనుక్కో, వెనక పట్టీ ఉన్నవి. బూట్లు కొంటే సాయంత్రం పూట కొను, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడు. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళ కింద అద్దం పెట్టి చూసుకో, లేదా కోడలిని చూడమను. వేళ్ళ సందులు తడి లేకుండా తుడువు. మడమలకు కొబ్బరినూనె రాయి, వేళ్ళ సందుల్లో మాత్రం వద్దు. గోళ్ళు తిన్నగా కత్తిరించు, మూలలు తవ్వకు. ఆనెకాయల్ని బ్లేడుతో చెక్కడం నీకు చిన్నప్పటి అలవాటు, అది మానెయ్. మందుల షాపులో ఇచ్చే ఆనెకాయ ప్లాస్టర్లు కూడా వద్దు, వాటిలో యాసిడ్ ఉంటుంది. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోకు. పాఠం చెబుతున్నానని విసుక్కోకు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష మళ్ళీ చేయించు. 7 దాటకూడదని కిందటిసారి నీ డాక్టరే అన్నాడు కదా.

ఆ ప్లాస్టర్ కింద ఏముందో నాకు తెలియాలి. చుట్టూ ఎర్రగా ఉన్నా, వెచ్చగా ఉన్నా, వాచినా, చీము కారినా, ఒళ్ళు వెచ్చబడినా ఆ రోజే ఆసుపత్రికి పో. ఇవేవీ లేకపోయినా రేపు పొద్దున్నే సెలవు పెట్టి చూపించుకో. పాదాలు చూసే డాక్టరుంటే మరీ మంచిది. పుండు మానేదాకా ఆ కాలి మీద బరువు వెయ్యకు, ఆఫీసుకు ఆటోలో పో. డబ్బుకు చూసుకోకు, నాన్నగారి చేత వేయిస్తాను. డాక్టరు ఏమన్నాడో కోడలి చేత ఫోన్ చేయించు. ఆదివారంలోగా కబురు రాకపోతే సోమవారం పొద్దున బస్సుకు నేనే వస్తాను.

మీ అమ్మ