ట్యూబ్ పోయిందని ఫోన్లోనే తేల్చేస్తున్నారు

సంపాదకులకు నమస్కారం.

విజయనగరంలో అంబటిసత్రం దగ్గర షీల్డులు, నేమ్ ప్లేట్లు చేసే చిన్న దుకాణం నాది. డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పుకి మా ఆయన దాచిన డబ్బు కలిపి, విశాఖలో మూసేస్తున్న ఒక షాపు నుంచి పాత కార్బన్ డయాక్సైడ్ లేజర్ మిషన్ కొన్నాను. కిరణం పుట్టించే ట్యూబ్ 60 వాట్లది, షీటు పరిచే బెడ్ మూడడుగులు బై రెండడుగులు, ధర లక్షా పదివేలు. ఇలాంటి పాత మిషన్ కొని, అది కోయడం మానేస్తే గోనెపట్టా కప్పి మూలన పెట్టేసినవాళ్ళు మన జిల్లాలో, పక్కన శ్రీకాకుళంలో నాకు తెలిసే నలుగురున్నారు. నలుగురికీ ఫోన్లో చెప్పింది ఒకటే మాట: "ట్యూబ్ పోయింది." నాకూ అదే చెప్పారు. అది నిజం కాదని తేలడానికి నెల్లాళ్ళు పట్టింది. ఆ నెల్లాళ్ళూ ఇంకొకరికి పోకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొనేరోజున ఆ షాపాయన మా కళ్ళెదుటే చెక్క ముక్క మీద మా అమ్మాయి పేరు చెక్కి చూపించాడు. ముత్యాల్లాంటి అక్షరాలు వచ్చాయి. ఇంకేం చూడాలో మాకు తెలియలేదు. చెక్కడం వేరు, కోయడం వేరు అని ఇప్పుడు తెలిసింది. పైపైన కాల్చి అక్షరం తేవడానికి కొద్దిపాటి శక్తి చాలు, లెన్స్ మాసిపోయినా అక్షరం వస్తుంది. మూడు మిల్లీమీటర్ల ఆక్రిలిక్ షీటును ఈ చివర నుంచి ఆ చివరకి కోసి, ముక్క దానంతటది కింద పడేలా చేయడమే మిషన్‌కి అసలు పరీక్ష. అది అడగలేదు.

దసరా ముందు, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మెమెంటోలు కావాలని అరవై పీసుల ఆర్డర్ వచ్చింది. మొదటి షీటుకే చెమటలు పట్టాయి. బెడ్ మీద వెనక ఎడమవైపున్న ముక్కలు టపటపా రాలాయి. ముందు కుడివైపున్నవి కదల్లేదు. షీటు తిరగేసి చూస్తే వెనకవైపు గీత సగం దూరం వచ్చి ఆగిపోయింది. వేగం తగ్గించి అదే దారిలో రెండోసారి పోనిస్తే అంచులు కరిగి ముద్దయ్యాయి. టెన్షన్‌తో ఒక టెక్నీషియన్‌కి ఫోన్ చేశాను. ముందు పవర్ నూటికి పెట్టమన్నాడు. తెగలేదంటే, ట్యూబ్ పోయిందమ్మా, పాతికవేలు, రానూపోనూ ఖర్చులు వేరే, సగం అడ్వాన్స్ పంపండి అన్నాడు. మిషన్ చూడలేదు, ఫోటో కూడా అడగలేదు. ట్యూబ్ మీద రాసివున్న మిల్లీ ఆంపియర్లు, అంటే కరెంటు హద్దు, దాటించి నడిపితే మంచి ట్యూబ్ కూడా తొందరగా అయిపోతుందన్న సంగతి కూడా చెప్పలేదు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. నెల్లిమర్లలో జూట్ మిల్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. లేజర్ మిషన్ ఆయన ఎప్పుడూ చూసినవారు కాదు. నా గోడంతా విని ఒక్క మాటన్నారు: "ఒక మూల తెగుతూ ఇంకో మూల తెగకపోతే ట్యూబ్ ఎలాగ పోద్దమ్మా? ట్యూబ్ ఒక్కటే కదా, వేరువేరుగా ఉన్నవి మూలలే కదా." ఆ మాటతో నా పాతికవేలు మిగిలాయి.

ఆ మాట పట్టుకుని ఇద్దరం వెలుగు పోయే దారంతా వెతికాం. ఈ మిషన్‌లో ట్యూబ్ వెనక పడుకుని ఉంటుంది. అందులోంచి వచ్చే కిరణం మూడు అద్దాల మీద తగిలి, బెడ్ మీద అటూ ఇటూ కదిలే తలకాయలోని లెన్స్ గుండా కిందకి దిగి షీటుని కోస్తుంది. ఆ కిరణం కంటికి కనబడదు. అందుకని తలకాయ మీద కిరణం దూరే రంధ్రానికి మాస్కింగ్ టేప్ ముక్క అంటించి, మూత వేసి, ఒక్క క్షణం మీట నొక్కాం. తలకాయ బెడ్ వెనక ఎడమ మూలలో, అంటే ట్యూబ్‌కి దగ్గరగా ఉన్నప్పుడు, టేప్ మీద గుండ్రటి నల్లమచ్చ పడింది. తలకాయని ముందు కుడి మూలకి తీసుకెళ్ళి అదే టేప్ మీద మళ్ళీ నొక్కితే, రెండో మచ్చ మొదటిదానికి పెసరగింజంత కిందుగా, అర్ధచంద్రాకారంలో వచ్చింది. సగం కిరణం రంధ్రంలోకి వెళ్ళకుండా అంచుకే కొట్టుకుంటోంది. దారి పొడుగయ్యేకొద్దీ కొంచెం వంకర కాస్తా పెద్దదైపోతుంది. విశాఖ నుంచి చిన్న ఏస్ బండిలో తెచ్చినప్పుడు, ఆ గతుకులకి అద్దాల స్క్రూలు కదిలిపోయి ఉంటాయి. రెండు సాయంత్రాలు కూర్చున్నాం. పావు చుట్టు తిప్పడం, టేప్ మార్చడం, మీట నొక్కడం. ఆఖరికి దగ్గర మచ్చ మీదే దూరం మచ్చ కూడా పడింది.

అప్పటికి నాలుగు మూలలూ ఒకేలా కోస్తున్నాయి, కాకపోతే మొదట్లో బాగా తెగిన మూలతో సహా ఇప్పుడు నాలుగు మూలలా సగమే. పెద్దాయన సంతోషించారు. "మూల తేడా పోయిందంటే జబ్బు ఒకే చోటుందమ్మా" అన్నారు. లెన్స్ తీశాం. రూపాయి బిళ్ళంత ఉంటుంది, పసుపురంగులో. దీపం ఎదురుగా పెట్టి చూస్తే నడిమధ్యన గోధుమరంగు పొర, అందులో గుండుసూది మొనంత కాలిన చుక్క. పైగా ఆ లెన్స్‌కి ఒకవైపు ఉబ్బు, ఒకవైపు చదును ఉంటాయి. ఉబ్బు పైకి, కిరణం వచ్చేవైపు ఉండాలి. మాది తిరగేసి బిగించి ఉంది. ఇది నాకు ముందు తెలియక, దుమ్ము తుడవాలని పొడి చీర చెంగుతో రెండుసార్లు తుడిచాను కూడా. అలా తుడిస్తే గీతలు పడతాయి. దూదిపుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, నొక్కకుండా మధ్య నుంచి బయటికి ఒక్కసారి జరపాలి, ఆ పుల్ల పారేయాలి. మా లెన్స్‌కి అదీ పనిచేయలేదు, పొర లోపలికి కాలిపోయింది. కొత్తది పద్దెనిమిది వందలైంది. ఒక జాగ్రత్త చెప్పి తీరాలి: ఇవి జింక్ సెలినైడ్‌తో చేస్తారు. పగిలితే ఆ ముక్కల్ని, పొడిని చేత్తో ముట్టకూడదు, అది విషం.

లెన్స్ ఎందుకు కాలిందో వెతికితే గాలి గొట్టం దగ్గర తేలింది. కోసేచోట పొగని ఊది తోసెయ్యడానికి చిన్న పంపు నుంచి ఒక సన్నటి గొట్టం వస్తుంది. అది మెలిక దగ్గర చీలింది. గాలి అందక పొగ పైకెగసి లెన్స్‌కి పట్టింది, పట్టిన మసి వేడిని పీల్చింది, లెన్స్ కాలింది. ముప్పై రూపాయల గొట్టం.

తర్వాత ఫోకస్, అంటే కిరణం సన్నగా ఒకచోట చేరడానికి షీటుకి పైన తలకాయ ఉండాల్సిన ఎత్తు. మిషన్‌తో పాటు వచ్చిన కొలత ముక్క ఈ లెన్స్‌ది కాదు. ఒక చెక్కని బెడ్ మీద ఒకవైపు ఎత్తుగా ఏటవాలుగా పెట్టి, దాని పొడుగునా ఒక గీత గీయించాం. గీత ఒక చివర లావుగా మొదలై, మధ్యలో వెంట్రుకలా సన్నబడి, మళ్ళీ లావెక్కింది. సన్నగా ఉన్నచోట చెక్కకీ నాజిల్‌కీ (తలకాయ కింది మొనకీ) మధ్య ఎంత ఎత్తుందో అదే సరైన ఎత్తు. ఆ ఎత్తుకి ఆక్రిలిక్ ముక్క కోసి తాడుతో మిషన్‌కే కట్టేశాను. బెడ్ నాలుగు మూలలూ దానితోనే కొలిస్తే ఒక మూల నాలుగు మిల్లీమీటర్లు కిందకి దిగి ఉంది, అదీ సరిచేశాం.

నీళ్ళ సంగతి మన ఊళ్ళవాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాలి. ట్యూబ్ చుట్టూ తిరిగే నీళ్ళు 25 డిగ్రీలు దాటకుండా ఉండాలి. వేడెక్కేకొద్దీ ట్యూబ్ బలం తగ్గుతుంది. నాకిచ్చిన చిల్లర్‌లో, అంటే ఆ నీళ్ళు చల్లార్చే పెట్టెలో, ఫ్యాన్ తప్ప కంప్రెసర్ లేదు. అలాంటిది గదిలో వేడి కన్నా కిందకి నీళ్ళని చల్లార్చలేదు. వేసవిలో మా షెడ్డులో 36 డిగ్రీలుంటే నీళ్ళూ అంతే. అందుకని మే నెలలో కోత పని తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి ఆపేస్తాను, పగలు చెక్కే పని చేసుకుంటాను. బాగా చల్లబడాలని ఐసు దిమ్మలు వేయడమూ తప్పే. మన సముద్రపు గాలిలో తేమకి ట్యూబ్ మీద చెమట పడుతుంది, అక్కడే పదివేల వోల్టులు దాటిన కరెంటు ఉంటుంది. బోరు నీళ్ళు పోస్తే లోపల సున్నం పడుతుంది, డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఎర్తింగ్ లేని గదిలో ఈ మిషన్ పెట్టనే కూడదు.

ఇన్ని చేశాక ఆక్రిలిక్ చక్కగా రాలింది, ప్లైవుడ్ మాత్రం రాలలేదు. తప్పు మిషన్‌ది కాదు. టింబర్ డిపోలో వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ఇచ్చారు. దాని పొరల మధ్య నల్లటి ఫినాలిక్ జిగురు ఉంటుంది, లేజర్ దాని దగ్గర ఆగిపోయి బొగ్గు చేస్తుంది. వాటర్‌ప్రూఫ్ కాని మామూలు ఎంఆర్ రకం, అదే మందంలో, మొదటిసారికే తెగింది. అందుకే మిషన్‌ని పరీక్షించేటప్పుడు ఎప్పుడూ ఒకే రకం ఆక్రిలిక్ వాడండి. రోజుకో సరుకు పెట్టి చూస్తే జబ్బు ఎక్కడుందో దొరకదు.

మొత్తం ఖర్చు మూడువేల లోపు. పోయిందన్న ఆ ట్యూబే ఇవాళ్టికీ నడుస్తోంది.

పాత మిషన్ కొనబోయేవాళ్ళు తలకాయ కదిలే ఇనప పట్టాల మీద తుప్పు చూడండి. మా మిషన్ పట్టాలు తుప్పు పట్టి ఉంటే తేమ అనుకున్నాం. ముందు యజమాని దానిమీద సన్‌బోర్డ్ కోసేవాడని తర్వాత తెలిసింది. సన్‌బోర్డ్ అంటే పీవీసీ ప్లాస్టిక్ షీటు. దాన్ని లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఇనుమును తినేస్తుంది, ఊపిరితిత్తులనూ వదలదు. ఎవరు ఎంత డబ్బిచ్చినా ఆ పని చేయకండి. అలాగే "లేజర్ దేన్నైనా చెక్కుతుంది" అని అమ్మేవాళ్ళు చెబుతారు. ఒకాయన బుడితి ఇత్తడి చెంబు తెచ్చి వాళ్ళమ్మగారి పేరు చెక్కమంటే ఒక్క గీత పడలేదు. ఈ రకం కిరణాన్ని ఇత్తడి తిప్పికొడుతుంది, దానికి ఫైబర్ లేజర్ అనే వేరే రకం మిషన్ కావాలి. ఆయన చెంబు పట్టుకుని వెనక్కి వెళ్తుంటే నాకు చాలా కష్టమనిపించింది.

అధికారులకి నాదొక విన్నపం. ఈ కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవారని ఇంటర్ చదివే మా అబ్బాయి చదివి చెప్పాడు. ఇప్పుడది మన వీధుల్లోకి వచ్చింది. స్కూలు షీల్డులు, పెళ్ళి కార్డులు, బొబ్బిలి వీణ బహుమతి పెట్టెల మీద పేర్లు, అన్నీ దీనిమీదే. ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ చదువుతున్న పిల్లలకి రెండు వారాలు దీని రిపేరు నేర్పించండి. టేప్ పరీక్ష, లెన్స్, నీళ్ళు, ఎర్తింగ్, ఆ వరుస చాలు. వాళ్ళకి ఊళ్ళోనే పని దొరుకుతుంది, మాకు పాతికవేలు మిగులుతాయి. స్వయం ఉపాధికి మిషన్ల మీద అప్పులిచ్చేవాళ్ళు కూడా, డబ్బు విడుదల చేసేముందు అమ్మేవాళ్ళ చేత బెడ్ నాలుగు మూలలా ఆక్రిలిక్ కోయించి చూడండి.

గోనెపట్టా కింద మిషన్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఆదివారం పొద్దున్న మా దుకాణానికి రండి. అంబటిసత్రం దగ్గర లేజర్ షీల్డుల దుకాణం అంటే చూపిస్తారు. మీ లెన్స్ కాగితంలో చుట్టి తీసుకురండి. దీపం ఎదురుగా పెట్టి చూద్దాం.

ఇట్లు,
షీల్డుల దుకాణం నడుపుతున్న ఒక పాఠకురాలు,
విజయనగరం.