జూన్ 14 దాకా మా మెస్‌లో కోనాం (వంజరం) చేప ఉండదు

భీమిలిలో మా మెస్‌కి వచ్చే అందరికీ నమస్కారం.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం మొదలైంది. జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మోటారు బోట్లు సముద్రంలోకి దిగవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఏటా మన తీరమంతా ఇదే పద్ధతి. ఈ రోజుల్లో మా దగ్గర ఏం దొరుకుతుందో, ఏం దొరకదో ముందే చెప్పాలని రాస్తున్నాను. పోయినేడాది చెప్పలేదు. చెప్పకపోగా అబద్ధమాడాను.

వైజాగ్ నుంచి ఇంత దూరం వచ్చినవాళ్లు చేప లేదంటే వెనక్కి పోతారేమోనని టెన్షన్ పడి, ఐసు పెట్టెల్లో బయటినుంచి వచ్చిన కోనాం కొన్నాను. ఎప్పుడు పట్టారో అమ్మినాయనకే తెలియదు. బోర్డు మీద మాత్రం ‘ఈ రోజు చేప’ అనే ఉంచాను. నెలకోసారి పిల్లలతో వచ్చే ఒకాయన రెండు ముద్దలు తిని ఆగి, ‘ఇది ఇక్కడి చేపేనా అండీ?’ అని అడిగారు. అవునన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు, డబ్బులిచ్చి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. అయ్యా, మీరు ఇది చదివితే, ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు. నన్ను క్షమించండి.

ఈసారి ఐసు చేప కొనడం లేదు. కోనాం, చందువా రెండూ ఉండవు. మోటారు లేని తెప్పలకు నిషేధం లేదు కనుక కొన్ని రోజులు ఒడ్డు దగ్గర పట్టిన నెత్తళ్లో కవ్వళ్లో దొరుకుతాయి. అవి ఒడ్డుకు వచ్చి, గంప మా గుమ్మంలో దిగాకే బోర్డు మీద రాస్తాం. ఆ రోజు గాలి ఎక్కువుంటే తెప్పలు కదలవు, బోర్డు ఖాళీగానే ఉంటుంది.

మిగతా రోజుల్లో ఎండు చేప. దీన్ని తక్కువగా చూడకండి. జాలరిపేట ఆడవాళ్లు నిషేధానికి ముందే ఎండబెట్టి దాచినవి తెస్తారు. ఇసుకలో ఆరబోసినవి కాకుండా వలల మీద ఎండబెట్టినవే కొంటున్నాం, పంటి కింద ఇసుక తగలకూడదు కదా. ఎండు నెత్తళ్లు పుల్ల మామిడికాయతో పులుసు, రొయ్యపొట్టు వంకాయ కూర చేస్తున్నాం. ఆ మామిడికాయ పులుసుకి ఈ రెండు నెలలే సీజను. మా అమ్మ చేతి వంట అది, నా మటుకు కోనాం వేపుడు కన్నా అదే ఇష్టం. భోజనం 180 నుంచి 140 రూపాయలకు తగ్గించాను. వంటమనిషికీ, వడ్డించే కుర్రాడికీ జీతం మాత్రం ఒక్క రూపాయి తగ్గించను.

చేప లేదని ఊరికి రావడం మానకండి. బోట్లన్నీ ఒడ్డు మీదే ఉంటాయి. వలలు అల్లుతూ, పలకలు బాగుచేస్తూ, రంగులు వేస్తూ ఉన్న మనుషులతో తీరికగా మాట్లాడొచ్చు. వేట రోజుల్లో వాళ్లకి ఆ తీరిక ఎక్కడిది! ఫొటో తీసే ముందు ఒక మాట అడగండి. ఈ ఊళ్లో 1861లోనే మునిసిపాలిటీ ఏర్పడింది. లైట్‌హౌస్, గడియార స్తంభం, డచ్చివాళ్ల సమాధులు అన్నీ నడిచి చూసేంత దగ్గర. పావురాళ్లకొండ పొద్దున్నే ఎక్కండి, వాన నీటి కోసం బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లు అక్కడ ఉన్నాయి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర అంచులు తొక్కి పైకెక్కకండి, ఆ మట్టి ఇట్టే రాలిపోతుంది.

ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాను. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు. పైకి ప్రశాంతంగా కనబడుతుంది, కింద లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా దిగొద్దు.

జూన్ 14 అర్ధరాత్రి దాటాక బోట్లు దిగుతాయి. మొదటి కోనాం ఒడ్డున వేలంపాటలో నా చేతికి వచ్చిన రోజు బోర్డు మీద తేదీ వేసి రాస్తాను. అంతవరకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకే తెరుస్తాం, ఆదివారం కూడా రాత్రి భోజనం ఉండదు.