చేప కడుపు కూడా పరీక్షించండి

సంపాదకులకు నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా, ఉండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. ఆదివారం పులుసు లేకపోతే మా ఇంట్లో ముద్ద దిగదు. మొన్న బొచ్చె కోయిస్తూ ఏ చెరువుదని అడిగితే, "ఫ్రెష్షేనమ్మా" అన్నాడు గానీ ఊరు చెప్పలేదు.

ఇక్కడి బెళ్లందూరు చెరువు 2015లో నురుగు కక్కింది, 2017లో నిప్పంటుకుంది. 2016లో హలసూరు చెరువులో చేపలు చచ్చి తేలాయి. కంటికి కనబడ్డాయి కాబట్టి గోల చేశాం. 5 మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ నలుసులు, సీసం, కాడ్మియం లాంటి విష లోహాలు అలా కనబడవు. ఎండకు పెళుసుబారి, పాచి పట్టిన నలుసుకు లోహాలు అంటుకుంటాయి. మేతనుకొని చేప మింగితే, కడుపులో ఊరే రసాలకు అవి ఊడివచ్చి కాలేయం దాకా చేరగలవు. ప్రతిసారీ విషం పెరుగుతుందనీ కాదు. ప్లాస్టిక్ రకాన్ని, లోహాన్ని బట్టి కొన్ని ప్రయోగాల్లో తగ్గింది కూడా. అందుకే నీటి రిపోర్టు ఒక్కటే చూసి ఊరుకుంటే కుదరదు. కరిగిన లోహాలు కొలిచే ముందు నీటిని 0.45 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టర్‌లో వడకడతారు. నలుసుకు అంటిన లోహం ఆ ఫిల్టర్ మీదే ఆగిపోతుంది. చేప నోటికి ఫిల్టర్ ఎవరు కట్టారు?

చేపలు పట్టుకోవడానికి పాటకిచ్చే ప్రతి చెరువులోనూ చేప పేగు, కాలేయం, కండ విడివిడిగా పరీక్షించి, ఫలితాన్ని గట్టు మీద బోర్డులో పెట్టాలి. పెద్ద చేపకైతే మొప్పలు, పేగులు తీయించేస్తాం. వేలితో నొక్కి పులుసులో వేసే పరిగెల మాటేమిటి?

— ఒక గృహిణి, కె.ఆర్.పురం, బెంగళూరు