నాస్తికుడంటే ఎవరు?

ఎడిటర్ గారికి,

దేవుణ్ణి నమ్మనివాళ్లంతా నాస్తికులే అని తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ మాట మొదట్లో అలా లేదు. సంస్కృతంలో అస్తి అంటే ఉంది, న అస్తి అంటే లేదు. సరే, ఏది లేదు? పేచీ అంతా అక్కడే. ఈ మాట మీద వ్యాకరణకర్త పాణిని రాసిన సూత్రాన్ని వివరించినవాళ్లు పరలోకం లేదనేవాణ్ణి నాస్తికుడన్నారు. మనుస్మృతి అయితే వేదాన్ని నిందించేవాడే నాస్తికుడని తేల్చేసింది. ఈ లెక్కన, సృష్టికర్త అక్కర్లేదన్న మీమాంసకులు వేదాన్ని ఒప్పుకున్నారు కాబట్టి హాయిగా ఆస్తికుల పద్దులో చేరిపోయారు, పునర్జన్మను నమ్మే జైనులూ బౌద్ధులూ మాత్రం ఏ పరలోకాన్నీ నమ్మని చార్వాకులతో కలిసి నాస్తికులయ్యారు! దేవుడు లేనివాడు అనే అర్థమున్న గ్రీకు మాట అథియోస్ సంగతీ అంతే, తమ దేవుళ్లను కొలవడం లేదని రోమన్ల కాలంలో తొలి క్రైస్తవులనే ఆ మాటతో తిట్టారు. మన నాస్తికుడన్న తిట్టునే దర్జాగా పేరుగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు, 1940లో నాస్తికోద్యమ నాయకుడు గోరా, ఆయన భార్య కలిసి స్థాపించిన సంస్థ పేరు నాస్తిక కేంద్రమే.

ఇక దేవుణ్ణి నమ్ముతూనే ఏ మతంలోనూ లేనివాళ్లను కూడా పత్రికల్లో నాస్తికులని రాసేస్తుంటారు. ఏ మతమూ పాటించనివాళ్లు అని రాస్తే సరిపోతుంది కదండీ, మహా అయితే ఇంకో రెండు మాటలు ఎక్కువవుతాయి.

ఇట్లు,
మీ పాఠకుడు