మొహం చూసి చెప్పే ధరలు

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ పత్రికలో వినియోగదారుల సలహాల కింద డ్రిల్లింగ్ మెషీన్లు, కటింగ్ మెషీన్లు కొనడం గురించి రాశారు. నాలుగు దుకాణాలు తిరిగి, ఎక్కడ తక్కువుంటే అక్కడ కొనుక్కోమన్నారు. ఆ రాసినవారు సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని మెషీన్ల గల్లీల్లో ఎప్పుడైనా ఒక్క మెషీన్ కొన్నారో లేదో తెలియదు. చేతిలో పనుండి ఆలస్యమైంది గానీ, ఆ రోజే రాయాలనిపించింది.

నేను జనగామ దగ్గర వడ్రంగిని. తలుపులు, కిటికీలు, మాడ్యులర్ కిచెన్ పేరుతో ప్లైవుడ్ కబోర్డులు చేస్తుంటాం. ఈ మధ్య 13 ఎంఎం ఇంపాక్ట్ డ్రిల్ (గోడకు కూడా రంధ్రం వేసే మెషీన్) ఒకటి కావాల్సి వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, డబ్బా మీద ఎమ్మార్పీ 4,600. జనగామలో 3,200 అన్నారు. రాణిగంజ్‌లో ఒక చోట 2,650, ఎదురు దుకాణంలో 2,900, నాలుగడుగులు అవతల 3,400. ఆ 3,400 చెప్పిన చోటే, నేను కౌంటర్ దగ్గర నిలబడి ఉండగానే, కారు దిగి వచ్చిన కాంట్రాక్టర్‌కు అదే డ్రిల్ 2,700కి ఇచ్చి చాయ్ కూడా తెప్పించారు. ఆయన పది కొంటాడనుకుంటే, ఒకటో రెండో వందలు తగ్గిస్తే అర్థం చేసుకోవచ్చు. కానీ ఆయన కొన్నది కూడా ఒక్కటే. మొహం చూసి బొట్టు పెట్టడమంటే ఇదే.

అదేంటి అని అడిగితే 'ఎమ్మార్పీ కంటే తక్కువకే ఇస్తున్నాం కదా' అంటారు. ఆ మాట అబద్ధం కాదు. ప్యాకేజీ వస్తువుల మీద 2011 నిబంధనలున్నాయి. ఎమ్మార్పీకి మించి అమ్మకూడదు, దాన్ని చెరిపి దిద్దకూడదు, పెంచి స్టిక్కర్ వేయకూడదు అన్నాయి. మరి ఇలాంటి సరుకు మీద ఎమ్మార్పీ ఎంత వేయాలి? కంపెనీ ఇష్టం. మూడు వేలకు అటూఇటూగా అమ్ముడుపోయే సరుకు మీద 4,600 అచ్చు వేస్తే, మధ్యలో ఉన్నదంతా దుకాణదారు ఆడుకునే మైదానం. రేటు తెలిసినవాడు తక్కువకు కొంటాడు, మొదటిసారి వచ్చిన కుర్రాడు ఎక్కువకు కొని 'పన్నెండొందలు తగ్గించారన్నా' అని సంతోషంగా ఇంటికి పోతాడు.

ఇక ఆ 2,650 సంగతి. డబ్బులు తీసి బిల్లు అడిగితే 'బిల్లయితే పద్దెనిమిది శాతం జీఎస్టీ పైన పడుద్ది' అన్నారు. కలిపి చూస్తే 3,127. జనగామ దుకాణదారు చెప్పిన 3,200 బిల్లుతో చెప్పిన ధర. అంటే ఒక రోజు పని పోగొట్టుకుని, రైలెక్కి సికింద్రాబాద్ దాకా వస్తే మిగిలేది 73 రూపాయలు. మీ పత్రిక చెప్పిన 'తక్కువ ధర'లో ఈ లెక్క ఎక్కడా లేదు. ధర అడిగినప్పుడే 'బిల్లుతో ఎంత' అని అడగమని ఒక్క వాక్యం రాసి ఉంటే మిగతా వ్యాసమంతా లేకపోయినా సరిపోయేది.

బిల్లు వద్దనుకుంటే ఇచ్చేది గులాబీ రంగు చిట్టీ. దాని మీద 'ఎస్టిమేట్' అని ఉంటుంది. దుకాణం పేరుండదు, జీఎస్టీ నంబరుండదు, మెషీన్ సీరియల్ నంబరు అసలే ఉండదు. రెండు నెలలకు మోటారు లోపల తిరిగే ఆర్మేచర్ కాలిపోతే ఆ చిట్టీ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లి చూడండి, ఏమంటారో. 200 రూపాయలు, ఆపైన ఏది అమ్మినా బిల్లు ఇవ్వాల్సిందేనని జీఎస్టీ చట్టం చెబుతోంది. అడగకపోయినా ఇవ్వాలి. ఇక్కడ అడిగినవాడికి జరిమానా వేసినట్టు ధర పెంచుతున్నారు.

ధర తక్కువ చెప్పే ఇంకో పద్ధతి ఉంది. డబ్బా విప్పి సైడ్ హ్యాండిల్, లోతు చూసుకునే రాడ్డు, ఒక్కోసారి బిట్ బిగించే చక్ కీ కూడా తీసేస్తారు. అవి పక్కన గాజు అలమరలో విడిగా అమ్మకానికి ఉంటాయి. సీలు చించి ఉన్న డబ్బా తీసుకోవద్దని మా పిల్లలకు చెబుతుంటాను. ఆన్‌లైన్‌లో ఈ బాధ కొంత తక్కువే గానీ, కంపెనీ వారంటీయా, అమ్మినవాడి వారంటీయా అని కింద చిన్న అక్షరాల్లో చదువుకోవాలి. కార్డ్‌లెస్ అయితే బ్యాటరీ, చార్జర్ ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి. ఉత్త మెషీన్ ధర చూసి ఆశపడి కొన్నవాళ్లు మా దగ్గరే ఇద్దరున్నారు.

గట్టిగా మాట్లాడితే 'నువ్వు వ్యాపారానికి కొన్నావు, వినియోగదారుల కోర్టు నీకు వర్తించదు' అని బెదిరిస్తారు. శుద్ధ అబద్ధం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొనుక్కున్నది వ్యాపారం కిందికి రాదని స్పష్టంగా ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అయిదు లక్షల లోపు సరుకైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. ఈ ముక్కలు మీ పత్రిక వేస్తే నలుగురికి పనికొస్తాయి.

అధికారుల సంగతి చెప్పనక్కర్లేదు. తూనికలు, కొలతల శాఖవారు దసరాకు మిఠాయి డబ్బాలు తూచి ఫొటో దిగుతారు, మళ్లీ దీపావళికి కనిపిస్తారు. పన్నుల శాఖవారికి ఆ గులాబీ చిట్టీలు కనపడవంటే నమ్మాలా? కేంద్రం విశ్వకర్మ పథకంలో చేతివృత్తులవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఈ-వోచర్ అని 2023లో ఘనంగా ప్రకటించారు. సంతోషం. ఆ పదిహేను వేలు ఎమ్మార్పీ లెక్కనా, మార్కెట్ ధర లెక్కనా? ఎమ్మార్పీ లెక్కనైతే నాలుగో మెషీన్‌కు వోచర్ చాలదు, బిల్లుతో మార్కెట్ ధరకైతే నాలుగూ వస్తాయి. ఈ తేడా ఎవరి జేబులోకి పోతుందో పథకాలు రాసే సార్లు ఆలోచించారో లేదో.

నేను చివరికి జనగామలోనే కొన్నాను. ఆ దుకాణదారు ధర్మాత్ముడేం కాదు, బ్లేడ్ల మీద బాగానే లాగుతాడు. కానీ బిల్లు మీద సీరియల్ నంబరు రాసిచ్చాడు, వారంటీ కార్డు మీద ముద్ర కొట్టాడు, మెషీన్ రిపేరుకు పోతే పని ఆగకుండా తన పాత డ్రిల్ ఇస్తాడు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. పవర్ టూల్స్ అమ్మే ప్రతి దుకాణంలో మోడల్ వారీగా, పన్నుతో కలిపి, ఆ రోజు అమ్మే ధర బోర్డు మీద రాసి పెట్టించాలి. తూనికల శాఖ, పన్నుల శాఖ కలిసి రాణిగంజ్‌లో ఒక్కపూట మామూలు కొనుగోలుదారుల్లా తిరిగి, ఎన్ని చోట్ల అడగకుండా బిల్లు ఇచ్చారో మీ పత్రికలోనే ప్రకటించాలి. కారులో మాత్రం వెళ్లొద్దని మనవి.

– ఒక వడ్రంగి, జనగామ జిల్లా