అంబాసిడర్ ఇంజిన్ పలికింది: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

చూపు లేని మనం ఆదివారాల్లో బండి పని, రంపం పని నేర్చుకునే మన విశాఖ సంఘం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చేసిన పనుల నివేదిక ఇది. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ రాయడం లేదు. అచ్చు ప్రతితో పాటు బ్రెయిల్ ప్రతులు, ఫోన్లకు ఆడియో కూడా పంపాం. దయచేసి వార్షిక సమావేశానికి ముందే విని రండి. నిరుడు నివేదిక చదవడానికే సగం సమయం పోయి, ప్రశ్నలకు వీలు చిక్కలేదు.

ముందుగా కృతజ్ఞతలు. గాజువాక ఆటోనగర్‌లో తన షెడ్డులో సగం మనకు అద్దె లేకుండా ఇచ్చిన యజమాని గారికి మనమంతా రుణపడి ఉన్నాం. ఆదివారం పూట ఇంట్లో ఉండాల్సిన మనిషి మన కోసం వచ్చిన ఇంజిన్ మేస్త్రి గారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆయన నట్టు పేరు చెబుతారు, మన చెయ్యి పట్టుకుని దాని మీద పెడతారు, తర్వాత తన చెయ్యి తీసేస్తారు. ఏడాది మొత్తంలో ఒక్కసారి కూడా మన చేతిలోంచి పానా తీసుకుని తానే బిగించలేదు. నేర్పడమంటే ఏమిటో నాకు ఆయన దగ్గరే తెలిసింది. టింకరింగ్ మేస్త్రి గారికి, ఇంజిన్ సిలిండర్లకు బోరింగ్ చేసి (అరిగిన లోపలి గోడలను తొలిచి సరిచేసి) సగం డబ్బే తీసుకున్న లేత్ షాపు వారికి, డబ్బాలన్నిటికీ బ్రెయిల్ చీటీలు అంటించిన ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినులకు, మన లెక్కలో ఎప్పుడూ రెండు టీలు తక్కువే రాసే టీ కొట్టు అమ్మగారికి పేరు పేరునా ధన్యవాదాలు. దాతల పేర్లు చివరి పట్టికలో ఉన్నాయి. ఎవరి పేరైనా జారిపోతే నాకు ఫోన్ చేయండి, మనసులో పెట్టుకోవద్దు.

అంబాసిడర్ పని

ఈ ఏడాది మన పనంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారి కుటుంబం ఇచ్చిన 1986 నాటి మార్క్ 4 బండి పదకొండేళ్లు వేప చెట్టు కింద ఉండిపోయింది. విశాఖ ఉప్పుగాలి ఇనుమును ఎలా తింటుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని బాడీ మీద మెల్లగా జరుపుతూ వెళ్లాం. అంటుకుంటే రేకు, జారిపోతే పుట్టీ. ఎడమ వైపు తలుపుల కింది పట్టీ, వెనక మడ్‌గార్డు కింది సగం పుట్టీయేనని అలా తేలింది. పైన రంగు నున్నగా ఉండటంతో ఆ సంగతి చూపున్న వాళ్లెవరికీ అప్పటిదాకా తెలియలేదు.

ఇంజిన్ పట్టేసి ఉంది. ఇంజిన్‌ను చేత్తో తిప్పే హ్యాండిల్ వేస్తే వెంట్రుకవాసి కూడా కదల్లేదు. స్పార్క్ ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లలోనూ డీజిలు, ఇంజిన్ ఆయిలు కలిపి పోశాం. రెండు వారాలు ఎవరో ఒకరు వెళ్లి కొంచెం కొంచెం పోస్తూనే ఉన్నారు. మూడో ఆదివారం హ్యాండిల్ వేలెడంత కదిలింది. ఇంజిన్ పైమూత అయిన హెడ్ దించాక సిలిండర్ పైఅంచు దగ్గర గోరు పెట్టి చూస్తే మెట్టులా తగిలింది. అరుగుదల అంత ఉందంటే బోరింగ్ తప్పదని మేస్త్రి గారు అన్నారు. హిందుస్థాన్ మోటార్స్ 2014లోనే ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆపేసింది కాబట్టి పిస్టన్ల కోసం చాలా ఫోన్లు చేయాల్సి వచ్చింది. విజయవాడ నుంచి రావాల్సిన గ్యాస్కెట్ల సెట్టు సెప్టెంబరులో బుడమేరు వరద వల్ల ఆగిపోయింది. అక్కడి వాళ్లే షాపుల్లోంచి బురద ఎత్తుకుంటుంటే మనం తొందరపెట్టడం పద్ధతి కాదని ఊరుకున్నాం.

పిస్టన్ల చుట్టూ కొత్త రింగులు వేసే ముందు ఆదివారం నేను రాల్ఫ్ టీటర్ గారి గురించి చదివి వినిపించాను. అమెరికాలోని ఇండియానా వాసి. ఐదేళ్ల వయసులో చూపు పోయింది. 1912లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ పూర్తి చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో యుద్ధనౌకల టర్బైన్ రోటర్లు సమతూకంగా తిరగక ఇబ్బంది పెడుతుంటే, వేళ్ల స్పర్శతో ఆ చిక్కు విప్పారు. పిస్టన్ రింగులు తయారుచేసే కంపెనీకి అధ్యక్షుడయ్యారు. బండి వేగాన్ని తనంతట తానే ఒకే తీరుగా ఉంచే, నేటి కార్లలో ఉండే క్రూజ్ కంట్రోల్ ఆయన ఆలోచనే. దానికి 1950లో పేటెంట్ వచ్చింది, 1958లో క్రైస్లర్ కార్లలోకి వచ్చింది. రింగులు చేతిలో పట్టుకుని ఈ సంగతి విన్న రోజు షెడ్డులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ప్లగ్గులో నిప్పురవ్వ సరైన క్షణంలో పడేలా టైమింగ్ పెట్టడానికి లైటు అక్కర్లేదని ఈ ఏడాది మనం చేసి చూపించాం. ఒకటో ప్లగ్గు తీసిన కన్నం మీద బొటనవేలు పెట్టి హ్యాండిల్ తిప్పితే, పిస్టన్ గాలిని నొక్కే కంప్రెషన్ వచ్చినప్పుడు గాలి వేలిని తోసేస్తుంది. ప్లగ్గుకు నిప్పురవ్వ పంపే పాయింట్లు ఎక్కడ తెరుచుకుంటున్నాయో బల్బుకు బదులు బజర్ పెట్టి చెవితో పట్టుకున్నాం. వాల్వుల దగ్గర సందు సరిచేయడానికి తొమ్మిది లెక్క వాడాం. మొత్తం ఎనిమిది వాల్వులు. ఒకటోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది, రెండోది తెరుచుకున్నప్పుడు ఏడోది, ఇలా రెండూ కలిపితే తొమ్మిది వచ్చేలా సరిచేసుకుంటూ పోవాలి. ఆ సందు కొలిచే పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను) ఫీలర్ గేజి రేకుకు రంధ్రం దగ్గర దారం కట్టుకున్నాం. వైర్ల విషయంలో మాత్రం దెబ్బ తిన్నాం. రంగు చెప్పే ఫోన్ యాప్ వెలిసిపోయిన పాత వైర్లను తప్పుగా చదవడంతో ఒక తీగ కాలిపోయింది. ఆ రోజు నుంచి బ్యాటరీ తీసి పక్కన పెట్టాకే వైరింగ్ ముట్టుకుంటున్నాం. ప్రతి వైరుకూ రెండు కొసల్లోనూ ముడులున్న దారం కడుతున్నాం.

అక్టోబర్ 15, తెల్లకర్ర దినోత్సవం. మంగళవారమైనా సెలవు పెట్టుకుని ఇరవై మందికి పైగా వచ్చారు. మొదటిసారి సెల్ఫ్ కొడితే ఇంజిన్ అందుకుంది, కానీ కార్బొరేటర్‌లోంచి టప్ టప్‌మని తన్నుతూ రెండు సిలిండర్ల మీదే కుంటింది. అందరం మడ్‌గార్డుల మీద చేతులు వేసి నిలబడ్డాం. హార్మోనియం నేర్పే మన సభ్యులొకరు రెండో, మూడో సిలిండర్లు పలకడం లేదని చెప్పారు. ఇంజిన్ ఆపించి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ దగ్గర వైర్ల ముడులు లెక్కపెడితే, మూడు ముడులున్న దారంలో ఒక ముడి విడిపోయి రెండే ఉన్నాయి. రెండో వైరు, మూడో వైరు తారుమారయ్యాయి. సిలిండర్లు మండాల్సిన ఒకటి, మూడు, నాలుగు, రెండు వరసలో మళ్లీ పెట్టి కొడితే బండి ఒక్కసారిగా సర్దుకుని, మెత్తగా, ఒకే తీరుగా తిరిగింది. మేస్త్రి గారు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఈ సంఘం పెట్టినప్పటి నుంచి ఇంతకన్నా మంచి రోజు నాకు లేదు.

చైన్ సా తరగతులు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక నగరమంతా వినిపించిన రంపాల చప్పుడు మనలో చాలామందికి ఇంకా గుర్తుంది. గొలుసు రంపం (చైన్ సా) నేర్పమని చెక్క పని చేసే సభ్యులు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఈ ఏడాది మొదలుపెట్టాం. మొదటి మూడు తరగతుల్లో రంపానికి కరెంటు ప్లగ్గు పెట్టనే లేదు. గొలుసు, అది తిరిగే పొడవాటి బార్, ముందు గార్డును నెడితే టక్కుమనే చైన్ బ్రేకు, తెగిన గొలుసును ఆపే పిన్ను, అన్నీ చేత్తో తడిమి పేర్లు చెప్పగలిగిన వారికే నాలుగో తరగతి. బార్ కొన పైసగం దేనికైనా తగిలితే రంపం ఒక్కసారిగా మన మొహం మీదికి ఎగురుతుంది. ఎడమ బొటనవేలు హ్యాండిల్ చుట్టూ బిగించి పట్టుకోమని అన్నిసార్లు చెప్పేది అందుకే.

మనం వాడేది కరెంటు రంపం. దుంగను స్టాండు మీద బెల్టుతో బిగించి, అడ్డచెక్క సాయంతో ఒకే చోట కోస్తాం. పొడవు కొలవడానికి అంగుళంలో పదహారో వంతుకు ఒక టిక్కుమనే కొలబద్ద ఉంది. చెవులకు మఫ్‌లు పెట్టుకుంటే మనకు ఇంకేమీ వినపడదు. అందుకని కరెంటు స్విచ్చు దూరంగా నిలబడ్డ చూపున్న తోడు చేతిలో ఉంటుంది. పదును పెట్టడంలో మాత్రం మనవాళ్లు బాగా రాణించారు. మొదటి పంటికి రబ్బరు బ్యాండు గుర్తు, గైడు బిగించిన గుండ్రటి ఆకురాయి, ముప్పై డిగ్రీల కోణం, ప్రతి పంటికీ లెక్కపెట్టి ఒకే సంఖ్యలో రాపిళ్లు. ఆటోనగర్‌లో రంపాలున్న ఒకరిద్దరు ఇప్పుడు తమవి కూడా మన దగ్గరికే పంపుతున్నారు.

పెట్రోలు రంపం కావాలని, నిలువు చెట్లు కోయాలని కొందరు సభ్యులు గట్టిగా వాదించారు. వద్దంటే మనల్ని మనమే తక్కువ చేసుకున్నట్టని వాళ్ల బాధ. ఆ బాధ నాకు అర్థమవుతుంది, అయినా నేను ఒప్పుకోను. చెట్టు ఎటు వాలుతోందో చెవికి తెలిసేసరికి పక్కకు జరిగే సమయం ఉండదు. ఈ నియమం మార్చాలంటే తీర్మానం పెట్టండి, నేను వ్యతిరేకంగా ఓటు వేస్తాను.

ఇక చెప్పక తప్పని మాట. జూన్‌లో తోడుగా వస్తామని పేర్లు రాయించుకున్న వాలంటీర్లు 17 మంది. క్రమం తప్పకుండా వచ్చింది నలుగురు. తోడు లేకపోతే రంపం పెట్టె తాళం తీయకూడదన్నది మన నియమం కాబట్టి 19 ఆదివారాలు ఆ పెట్టె తెరవనే లేదు. గోపాలపట్నం నుంచి, అనకాపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన సభ్యులు టీ తాగి తిరిగి వెళ్లారు. మన పని చూపు లేక ఆగలేదు, మాట ఇచ్చినవాళ్లు రాక ఆగింది. డిసెంబరులో ఒక తోడు ఫోన్ వచ్చిందని స్విచ్చు నేల మీద పెట్టి బయటికి వెళ్లిపోయారు. అదృష్టం కొద్దీ అప్పుడు రంపం ఆపి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ ఆ రాత్రంతా నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి తోడుగా ఉన్నవారి ఫోన్ బయట బల్ల మీద ఉండాల్సిందే. రాలేకపోతే శనివారం సాయంత్రంలోగా చెప్పండి. ఒక్క మెసేజ్ చాలు.

ఇక మన అంబాసిడర్ కాగితాల కోసం ఒక కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగాం. పదిహేనేళ్లు దాటిన బండికి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ కొత్తగా చేయించుకోవాలి, 2022లో దాని రుసుము 5,000 రూపాయలు చేశారు, మేం తిరిగిన రోజుల్లో అదే ఉండేది. యాభై ఏళ్లు నిండలేదు కాబట్టి వింటేజ్ కింద రాదు. ఇవన్నీ మనకు తెలుసు. అయినా ప్రతిసారీ అదే ప్రశ్న, మీరెలా నడుపుతారని. మేం అడిగింది లైసెన్సు కాదు, బండికి కాగితం. బండి సొంతదారుడే నడపాలని ఏ చట్టంలోనూ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో వినోద కార్యక్రమాల్లో అందరితో సమానంగా పాల్గొనే హక్కు గురించి రాసి ఉందని ప్రతి తీసుకెళ్లి ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు. ఐదోసారి వెళ్తాం.

లెక్కలు

లెక్కలు ఆడిట్ అయ్యాయి, కోశాధికారి గారు చదువుతారు. బోరింగ్, పిస్టన్ల వల్ల ఆదాయం కన్నా ఖర్చు ఎక్కువైంది. తేడాను ముగ్గురు సభ్యులు అప్పుగా సర్దారు, ముందు అది తీర్చాలి. చందా బాకీ ఉన్నవారు సమావేశం రోజే కట్టగలరు.

వచ్చే ఏడాది మొదటి పని బ్రేకులు. మాస్టర్ సిలిండరు, నాలుగు చక్రాల సిలిండర్లు విప్పాలి. తర్వాత బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు ట్యూబు మీద వేళ్లు పెట్టి బుడగల కోసం చూడాలి కాబట్టి జంటలుగా పేర్లు ఇవ్వండి. బండి కిందికి వెళ్లే ప్రతిసారీ జాకీ ఒక్కదాన్ని నమ్మకుండా స్టాండ్లు పెట్టి, బండిని ఊపి చూశాకే వెళ్లాలి. రంపం తరగతుల రెండో బ్యాచ్‌కు ఆరుగురు సభ్యులు, నలుగురు తోడులు కావాలి. షెడ్డు తాళం ఉదయం తొమ్మిదింటికి తీస్తాను.

కార్యదర్శి